విప్పి బిగించే చేతులు

కొండల్ ఆ తరగతులకు వెళ్లింది వ్యాపారం నేర్చుకోవడానికి కాదు. కొత్త ఆలోచనను మార్కెట్లోకి ఎలా తీసుకెళ్లాలో నేర్పుతామని అక్కడి బోర్డు మీద రాసి ఉన్న మాట నిజమే. అతని దగ్గర ఒక కొత్త ఆలోచన ఉన్న మాటా నిజమే. కానీ ప్రతి శనివారం మధ్యాహ్నం శాలిబండలో వెల్డింగ్ షాపు షట్టరు దించి, బస్సులు మారి, ఊరికి ఆ చివరన ఉన్న అద్దాల భవనం దాకా పోవడానికి అసలు కారణం వేరు. అక్కడ మనుషులు అతన్ని ప్రశ్నలు అడిగేవారు. భార్య అంజమ్మ పోయాక, గేటు ఎప్పుడిస్తావన్న ప్రశ్న తప్ప కొండల్‌ను ఎవరూ ఏమీ అడగలేదు.

అంజమ్మ బతికున్నప్పుడు షాపులో ఒక మూల స్టూలు వేసుకుని కూర్చునేది. కబుర్లు ఆమెవి, పని అతనిది. వెల్డింగ్ వెలుగు చూడొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని వేళ్ల సందుల్లోంచి చూసేది. "కండ్లు పోతయే" అంటే, "పోతే నువ్వే చూపిస్తవు తియ్" అనేది. ఇప్పుడా స్టూలు మీద గ్రైండింగ్ చక్రాల పెట్టె ఉంటుంది. దాన్ని అక్కడ పెట్టడంలో కవిత్వం ఏమీ లేదు, షాపు చిన్నది.

కొండల్ పని గేట్లు, కిటికీ గ్రిల్లులు, మెట్లకు రెయిలింగులు. ఎండాకాలం నుంచి చవితి దాకా మాత్రం ఇంకో పని కూడా ఉండేది. ధూల్‌పేట్‌లో వినాయక విగ్రహాలు చేసే గోవర్ధన్‌కు లోపలి ఇనుప చట్రాలు కట్టివ్వడం. గోవర్ధన్‌ది తాతల నాటి నుంచీ అదే వృత్తి. ఇంట్లో హిందీ, గిరాకీతో తెలుగు, కొండల్‌తో రెండూ మాట్లాడతాడు. ఇద్దరిదీ స్నేహం అనలేం. ఏళ్ల తరబడి ఒకరి పని ఒకరికి పడింది, అంతే. చాలా స్నేహాలకు అంతకన్నా గట్టి పునాది ఉండదు లెండి.

ఆలోచన పుట్టింది ఉప్పుగూడలో, ఒక చవితి ముందు రోజు. గోవర్ధన్ చేసిన పెద్ద గణపతి ట్రాలీ మీద గల్లీలోకి వస్తున్నాడు. పాతబస్తీ గల్లీల్లో ఆకాశం కన్నా ముందు తీగలు కనిపిస్తాయి. కరెంటు తీగలు, కేబుల్ తీగలు, ఎప్పుడో కోసేసి కిందికి వేలాడుతున్న దిక్కులేని తీగలు. ట్రాలీ మీద వెదురు గడలు పట్టుకున్నవాళ్లు ఒక్కొక్క తీగనూ పైకెత్తుతూ దారి చేస్తుంటే, ఒకటి గడ మీంచి జారి, ముందుకు చాచిన అభయహస్తానికి తట్టుకుంది. చెయ్యి మోచేతి పైన విరిగి కొబ్బరి పీచుకు వేలాడింది. డప్పులు ఆగాయి. ఎవరో పరిగెత్తి దుప్పటి తెచ్చి కప్పారు. గోవర్ధన్ ఫోన్ చేస్తే కొండల్ స్కూటరు మీద వచ్చి, దుప్పటి కింద దూరి, లోపలి కడ్డీ సరిచేశాడు. గోవర్ధన్ అక్కడే రోడ్డు మీద ప్లాస్టర్ కలిపి పూశాడు. బస్తీ మొత్తం అపరాధం జరిగిన ఇంట్లోలా గుసగుసలాడుతూ నిలబడింది.

తిరిగి వచ్చేటప్పుడు కొండల్‌కు తోచింది చాలా మామూలు సంగతి. విరిగే చెయ్యి ముందే విడిగా వస్తే విరగదు కదా.

మరుసటి ఏడు ఎండాకాలం అంతా దాని మీదే ఉన్నాడు. చట్రం భుజం దగ్గర లావు పైపు, చేతి లోపల సన్న పైపు. ఒకదాంట్లో ఒకటి దూరుతుంది, అడ్డంగా ఒక పిన్ను పడుతుంది. అతుకు కనబడకుండా దాని మీదికి విగ్రహపు దండకడియం జరుగుతుంది. ఇంతే. చెయ్యి తీసి గోనెసంచిలో చుట్టుకుని పోవచ్చు, మండపంలో బిగించవచ్చు. పూర్తయిన రోజు పక్క జరీ దుకాణం పెద్దాయనకు చూపించాడు. ఆయన కళ్లజోడు పైకెత్తి, "అచ్ఛా హై, కొండల్ మియా" అని, తన గల్లా వైపు తిరిగాడు. ఇంకెవరికి చూపించాలో కొండల్‌కు తెలియలేదు. ఆ వారంలోనే ఫోన్లో తరగతుల ప్రకటన కనబడింది.

తరగతి గోడల నిండా ఓటమిని పొగుడుతూ రంగురంగుల వాక్యాలు అంటించి ఉన్నాయి. ఓడిపోయినవాళ్లెవరూ వాటిని రాసి ఉండరు. నేర్పే అబ్బాయి పేరు ఫణి. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగంలో స్థిరపడిన కుటుంబం, మంచి చదువు, మంచి మర్యాద, ఎప్పుడూ నిద్ర చాలనట్టుండే కళ్లు. తెలివి తక్కువవాడేం కాదు. మొదటి వారమే అడగాల్సిన ప్రశ్న అడిగాడు.

"చెప్పండి కొండల్ గారూ. ఇది తయారుచేసే ముందు కొనేవాళ్లతో మాట్లాడారా?"

"మాట్లాడిన సార్."

"ఎవరితో?"

"పంతులుతోని."

తరగతి గొల్లుమంది. కొండల్ కూడా నవ్వాడు. చాలా రోజులైంది అతని మాటకు ఎవరైనా నవ్వి.

"ఏమన్నారు పంతులు గారు?"

"మండపంల ప్రాణప్రతిష్ఠ చేసేదాంక అది ఉత్త ప్లాస్టరే, చెయ్యి తీసినా కాలు తీసినా ఏం దోషం లేదన్నడు. శాస్త్రం ఒప్పుకుంటదన్నడు."

"బాగుంది. మరి పంతులు గారు మీ దగ్గర వినాయకుణ్ణి కొంటారా?"

"ఆయనెందుకు కొంటడు సార్? ఆయనకు పిలిచి మరీ ఇస్తరు."

మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల్లో ఫణి ప్రశ్న కొట్టుకుపోయింది. కొనేది బస్తీ, శాస్త్రం కాదు. ఈ ముక్క ఫణి ఆ రోజూ చెప్పాడు, తర్వాతా చెప్పాడు. కొండల్ తలూపాడు. కానీ అతని మనసులో నిలబడింది ఇంకో వారం చెప్పిన ఇంకో మాట: సగం చేసిన వస్తువు చూపించి మిగతాది ఊహించుకోమనకండి, పూర్తిచేసి చూపించండి. అది ఎందుకు నిలబడిందంటే, కొండల్‌కు అది ముందే తెలుసు. రంగు వేయని గేటును అతను ఏనాడూ గిరాకీకి చూపించలేదు. అతుకులు, నల్లమచ్చలు, సుత్తి దెబ్బలు కనిపిస్తే మంచి గేటు కూడా పాత సామానులా ఉంటుంది. బడి ఏదైనా మనిషి నేర్చుకునేది ఎక్కువగా తనకు ముందే తెలిసిన సంగతే. తెలియనిది చెవిదాకా వచ్చి ఆగిపోతుంది.

బోనాలు అయిపోగానే బస్తీల వాళ్లు విగ్రహాలు చూసుకోవడానికి ధూల్‌పేట్ వస్తారు. అప్పటికల్లా ఒక గణపతి సిద్ధం కావాలని కొండల్ గోవర్ధన్ వెంటపడ్డాడు. చట్రం తనే ఉచితంగా కట్టిచ్చాడు. రంగులు వేయించాడు. కళ్ల దగ్గర గోవర్ధన్ ఆగాడు.

"కొండల్ భాయ్, కండ్లు ఆఖర్ల పెడ్తం. బేరమై, బండెక్కే ముందల. మా దాదా కాడ్నుంచి గంతే."

"ఎందుకు గంతే?"

"ఎందుకేంది? గట్లనే."

"కండ్లు లేని దేవుణ్ణి ఎవడు మెచ్చుతడయ్యా? రంగెయ్యని గేటు నేను చూపిస్తనా గిరాకీకి?"

"గేటు నిన్ను చూడదు భాయ్."

కొండల్‌కు ఆ మాట జోకులా వినిపించింది. రెండు రోజులు అడిగాడు, మూడో రోజు అలిగాడు. గోవర్ధన్ విసుక్కుని, సన్న బ్రష్షు తీసి, కళ్లు దిద్దాడు. నిజం చెప్పాలంటే అద్భుతంగా దిద్దాడు. షెడ్డులో ఏ మూల నిలబడ్డా ఆ గణపతి మనవైపే చూస్తున్నట్టుండేవాడు.

మొదటి గిరాకీ ఉప్పుగూడ బస్తీయే. మండపం కమిటీ పెద్ద ఎల్లప్ప, రైల్వేలో పనిచేసి రిటైరైనవాడు. వెంట ఐదారుగురు కుర్రాళ్లు, విగ్రహం తను మెచ్చందే తెచ్చేది లేదని పట్టుబట్టి వచ్చిన అతని తల్లి సుశీలమ్మ. ఆమె రాగానే గణపతికి దండం పెట్టుకుని, ప్లాస్టర్ సంచి మీద కూర్చుంది.

"ఏం గోవర్ధన్, కొత్తదేందో ఉన్నదన్నవ్?" అన్నాడు ఎల్లప్ప.

కొండల్ ముందుకు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మాటలు తరగతిలో నేర్చుకున్న వరుసలోనే మొదలుపెట్టాడు. ముందు కొనేవాడి బాధ గుర్తుచేయాలి.

"ఎల్లన్నా, పోయినేడు మీ గల్లీల దేవుని చెయ్యి విరిగింది, యాదికున్నదా?"

ఎల్లప్ప మొహం ముడుచుకుంది. "గా ముచ్చట ఇప్పుడెందుకే?"

"మళ్ల విరగకుండ చేసిన అన్నా. చూడురి."

దండకడియం పైకి జరిపాడు. పిన్ను లాగాడు. అభయహస్తాన్ని రెండు చేతులా పట్టుకుని మెల్లగా బయటికి తీశాడు. పైపులు ఎంత నున్నగా కుదిరాయంటే చప్పుడు కూడా కాలేదు. ఆ పనితనం చూసి మెచ్చుకుంటారని తల ఎత్తాడు.

దేవుడు అతన్ని చూస్తున్నాడు. చెయ్యి కొండల్ రెండు చేతుల్లో ఉంది. పూర్తిగా రంగులు వేసిన, అరచేతిలో ఓంకారం ఉన్న చెయ్యి. మొండి భుజంలోంచి పైపు మూతి కనిపిస్తోంది.

సుశీలమ్మ "నారాయణా" అని కొంగు మొహం మీదికి లాక్కుంది. కుర్రాళ్లలో ఒకడు చెప్పులు విడిచిన చోటికి వెనక్కి నడిచాడు.

"పెట్టు," అన్నాడు ఎల్లప్ప నెమ్మదిగా. "ముందుగాల అది పెట్టు."

"పెడ్త అన్నా, జల్దిన పడ్తది, చూడురి ఎంత..."

"టిఫిన్ డబ్బా మూత తీసినట్టు తీస్తున్నవేందన్నా దేవుని చెయ్యి?" అన్నాడు ఇంకో కుర్రాడు. ఎవరూ నవ్వలేదు.

కొండల్ చెయ్యి బిగించి, పిన్ను వేసి, దండకడియం దించాడు. బిగించినట్టు ఆనవాలు కూడా లేదు. కానీ చూడడానికి ఎవరూ మిగల్లేదు. ఎల్లప్ప తల్లిని చెయ్యి పట్టుకుని లేపి నడిపించుకు పోతున్నాడు. ఆమె కొంగు తీయనే లేదు. పంతులు, శాస్త్రం, ఉత్త ప్లాస్టర్, అన్ని మాటలూ కొండల్ నోట్లోనే ఉండిపోయాయి. గోవర్ధన్ బోర్లించిన బకెట్టు మీద కూర్చుని తల పట్టుకున్నాడు.

"నేను చెప్పిన గదా భాయ్," అన్నాడు. నిజానికి అతను చెప్పలేదు. చెప్పేంత స్పష్టంగా అతనికీ తెలియదు.

ఆ సాయంత్రానికి ధూల్‌పేట్‌లో, వారం తిరిగేసరికి శాలిబండలో, కొండల్‌కు కొత్త పేరు వచ్చింది. షేరింగ్ ఆటోవాడు ఆపి, "చేతుల కొండలన్నా, ఎక్కు. చేతులు లోపట పెట్టుకో" అన్నాడు. అందులో కోపం లేదు, వినోదమే. బస్తీ శాపనార్థాలు పెట్టి ఉంటే మనిషికి ఒక హోదా అయినా దక్కేది. ధూల్‌పేట్ నుంచి చట్రాల పని ఆ ఏడు మళ్లీ రాలేదు. మిగతావాళ్ల సంగతి సరే, గోవర్ధన్ కూడా ఇంకెవరి దగ్గరో కట్టించుకున్నాడు.

తరగతులు అప్పటికే అయిపోయాయి. అందరూ కలిసి దిగిన ఫోటో, ఒక సర్టిఫికెట్, ఫోన్లో ఒక గ్రూపు మిగిలాయి. కొండల్ ఎంతో ఆలోచించి గ్రూపులో రాశాడు: "నా ఐటం ఎవరు తీస్కోలేదు సార్." ఎవరో బిగించిన పిడికిలి బొమ్మ పెట్టారు. ఇంకెవరో చప్పట్ల బొమ్మ పెట్టారు. ఎందుకు తీసుకోలేదని ఎవరూ అడగలేదు. ఫణి ఒకసారి ఫోన్ చేశాడు, వెల్డింగ్ హోరులో కొండల్‌కు వినబడలేదు. తిరిగి చేస్తే ఫణి మీటింగులో ఉన్నాడు. దీనికి ఎవరినీ తప్పుపట్టలేం. కొత్త బ్యాచ్ వచ్చింది, కొత్త ఆలోచనలు వచ్చాయి.

ఆ ఏడు చవితి దాటి, నిమజ్జనం దాటి, ధూల్‌పేట్ ఖాళీ అయ్యాక గోవర్ధన్ నుంచి కబురు వచ్చింది. నీ ఇనుము ఉంది, చూసుకో అని. కొండల్ వెళ్లేసరికి షెడ్డులో ఆ ఒక్క గణపతే మిగిలి ఉన్నాడు. బస్తీలన్నిటికీ కథ చేరింది కనుక ఎవరూ కొనలేదు. అంతమంది వెళ్లిపోయిన చోట ఆయన ఒక్కడే కళ్లు తెరుచుకుని కూర్చున్నాడు. అమ్ముడుపోని విగ్రహాలను మరుసటి ఏడుకు దాచిపెట్టడం మామూలే. గోవర్ధన్ చిన్న డబ్బాలో తెల్లరంగు కలిపి, నిచ్చెన ఎక్కి, రెండు కళ్ల మీదా బ్రష్షుతో రెండు పూతలు వేశాడు. దిగాడు. దండకడియం జరిపి, పిన్ను లాగి, అభయహస్తం తీసి గోనెసంచి మీద పడేశాడు. తర్వాత దాని పక్కనే చతికిలబడి, బీడీ ముట్టించి, మోచెయ్యి ఆ చేతి మీద ఆనించాడు.

కొండల్ ఆ మోచెయ్యి వైపు వేలు చూపించాడు.

"గోవర్ధన్. ఇప్పుడు నువ్వేం చేసినవ్?"

"ఏం చేసిన?"

"చెయ్యి తీసినవ్."

"తీయకుంటే ఎట్ల పెట్టాలె మూలకు? జాగ లేదు."

"మరి ఆనాడు నేను తీస్తే?"

గోవర్ధన్ వింతగా చూశాడు. "ఆనాడు కండ్లున్నయ్ భాయ్. ఇప్పుడు బొమ్మ గదా."

అలా అన్నాక తన మాట తనకే వినబడింది కాబోలు, మోచేతి కింది చెయ్యి వైపు చూసుకున్నాడు. బీడీ ఆరిపోయింది. ప్రాణం ఎప్పుడు వస్తుందో శాస్త్రం ఒక చోట రాసుకుంది, పంతులు చెప్పింది అదే. ధూల్‌పేట్ మాత్రం దాన్ని బ్రష్షు కొనలో పెట్టుకుంది. ఎవరూ ఎవరికీ చెప్పనవసరం లేకపోవడంతో ఎవరూ చెప్పలేదు.

"మరి కండ్లు బస్తీకి పోయినంక పెడ్తే?" అన్నాడు కొండల్.

"అంటే?"

"కండ్లు లేకుండనే బండెక్కియ్. చేతులు సంచుల. మండపంల పరదా కట్టి చేతులు బిగిద్దం. అటెన్క పరదా తీసి, అందరి ముందల నువ్వు కండ్లు దిద్దు."

గోవర్ధన్ పెద్దగా నవ్వాడు. "బ్రష్ పట్టుకొని పట్నమంత నేను తిరగాల్నా? పాగల్ అయినవా?"

"ఒక్క బస్తీకి తిరుగు."

నవ్వు సగంలో ఆగింది. గోవర్ధన్ ఆరిన బీడీని అటూ ఇటూ తిప్పాడు. వ్యాపారం తెలిసినవాడు. కళ్లు దిద్దడం అనే తంతును తాతల నాటి నుంచీ షెడ్డు మూలలో, ఎవరూ చూడని చోట వృథా చేస్తున్నామని ఆ క్షణంలో అతనికి అర్థమై ఉండాలి.

"తిరుగుత," అన్నాడు. "గానీ ఒక్క మాట. నువ్వు కనబడొద్దు. నీ మొహం చూస్తే జనానికి చేతులు యాదికొస్తయ్."

"సరే," అన్నాడు కొండల్ వెంటనే. దేనికి సరే అన్నాడో తిరుగు బస్సులో కూర్చున్నాక గానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక దిగిపోయి వెనక్కి వెళ్లే మనిషి కాదు.

మరుసటి ఏడు ఎల్లప్ప తల్లి లేకుండా వచ్చి, కొత్తగా చేసిన, కళ్లు లేని గణపతిని బేరమాడాడు. "మీ బస్తీలనే, అందరి ముందల కండ్లు దిద్దుత" అని గోవర్ధన్ అంటే, అతను అడిగిన ప్రశ్న ఒక్కటే.

"పక్క బస్తోళ్లకు ఇట్ల చేసినవా?"

"లే. మీకే మొదలు."

"అయితే కానియ్."

ఫణి ఒక నెలంతా బోధించినది ఎల్లప్ప ఒక్క ప్రశ్నలో తేల్చాడు. చెయ్యి విరగదన్న భరోసా కొనడానికి అతను రాలేదు. పక్క బస్తీకి లేనిది కొనడానికి వచ్చాడు. భరోసా గోనెసంచిలో పడుకుని వెంట వస్తుంది.

చవితి ముందు రోజు లారీ ఉప్పుగూడ గల్లీలోకి మళ్లింది. విగ్రహం చుట్టూ టార్పాలిన్, లోపల గణపతి పీఠం పక్కన కొండల్, అతని కాళ్ల దగ్గర సంచుల్లో నాలుగు చేతులు. టార్పాలిన్ చీలికలోంచి తీగలు కనిపించాయి. కిరీటం పక్కనుంచి, మొండి భుజాల పక్కనుంచి ఒక్కొక్కటే దాటిపోయాయి. వెదురు గడ పట్టుకున్న మనిషి పనిలేక క్యాబిన్ మీద గొంతుక్కూర్చుని ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆ చెయ్యి విరిగిన చోటు వచ్చింది, పోయింది. కొండల్ ఊపిరి బిగబట్టి ఉన్న సంగతి చూసినవాడు లేడు. పక్కన ఉన్నది కళ్లు లేని దేవుడు, అంతే.

మండపంలో పరదా కట్టారు. వెనక కొండల్ ఒక్కడే చేతులు బిగించాడు. ఒక్కొక్క పిన్నూ చివరిదాకా దిగిందో లేదో వేలితో తడిమి చూశాడు. దండకడియాలు దించాడు. అతుకుల మీద గోవర్ధన్ ఇచ్చిన రంగు అద్దాడు.

"భాయ్, ఇగ దిగు," అన్నాడు గోవర్ధన్, బ్రష్షు చేతిలోకి తీసుకుంటూ. కొత్త పంచె కట్టుకున్నాడు. నుదుట బొట్టు కూడా ఉంది.

కొండల్ మండపం వెనక సందులోకి దిగాడు. అక్కడ గోడ వారగా ప్లాస్టిక్ కుర్చీలో సుశీలమ్మ కూర్చుని ఉంది. గుంపులో నిలబడలేక అక్కడ వేసినట్టున్నారు. కొండల్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. తప్పుకోవడానికి సందు వెడల్పు చాలదు.

"ఎవలు బిడ్డా? లారీతోని వచ్చినవా?"

"అవునవ్వా."

"ఏ బస్తీ మనది?"

"శాలిబండ."

ఆమె తల ఊపింది. ఆ రోజు ఆమె కొంగు తీయలేదు గదా, అతని మొహం సరిగా చూడనేలేదు. మండపం అవతల ఒక్కసారిగా నిశ్శబ్దం అయింది. పరదా తీశారు, గోవర్ధన్ నిచ్చెన ఎక్కుతున్నాడన్నమాట. కొండల్‌కు తెలుసు, ముందు కుడి కన్ను.

"పోయినేడు ధూల్‌పేట్ల ఒకడు దేవుని చెయ్యి పీకిండు," అంది సుశీలమ్మ, ఊరికే కూర్చోలేక. "నా కండ్ల ముందలనే. నాలుగొద్దులు అన్నం పోలేదు నాకు."

"గట్లనా అవ్వా."

"వాని చెయ్యికేమన్న అయిందో ఏమో పాపం."

"ఏం కాలేదవ్వా. మంచిగనే ఉన్నడంట."

"అయితే మంచిదే," అంది ఆమె, మనస్ఫూర్తిగా.

డప్పులు మొదలయ్యాయి. ఈలలు, జైజైలు, గోడ అదిరే మోత. రెండో కన్ను అయిపోయింది. సుశీలమ్మ కూర్చున్నచోటే చేతులు జోడించింది.

"పొయ్యి చూడరాదు? ఇంత దూరం తెస్తివి."

"మస్తు మంది ఉన్నరవ్వా," అని, ఖాళీ గోనెసంచులు భుజాన వేసుకుని రైల్వే స్టేషను వైపు నడిచాడు.

ఆ తర్వాతి ఏడుకు ధూల్‌పేట్‌లో గోవర్ధన్ షెడ్డు ముందు బస్తీ పెద్దలు కుర్చీలు వేసుకుని కూర్చోవడం మొదలైంది. మండపానికి వచ్చి కళ్లు దిద్దే గణపతి అంటే గోవర్ధన్ దగ్గరే. గల్లీ ఎంత ఇరుకైనా ఆయన విగ్రహం ఎలాగో పోతుందట, చెయ్యి మంచిదట. శాలిబండ షాపులో గేట్లు వెనక్కి జరిగి, పైపు ముక్కలు, పిన్నులు ముందుకు వచ్చాయి. ఏ లెక్కన చూసినా ఆలోచన మార్కెట్లోకి వెళ్లింది. దాన్ని తీసుకెళ్లినవాడు మాత్రం బస్తీకొక పరదా వెనక దిగి సందులోంచి వెళ్లిపోతున్నాడు. ఇది మోసం అనేవాళ్లు ఉంటారు. గేటు లోపలి అతుకులు చూపించమని వాళ్లు ఏ రోజూ అడగలేదు.

అలాంటి రోజుల్లో ఫణి మెసేజి పెట్టాడు. గోవర్ధన్ విగ్రహాల గురించి ఎవరో చెప్పారట, వెంటనే కొండల్ గుర్తొచ్చాడట. తరగతుల వార్షికోత్సవం ఉంది, గెలిచినవాళ్లు స్టేజీ ఎక్కి తమ కథ చెప్పాలి. "మీరు తప్పకుండా రావాలి కొండల్ గారూ. అందరూ మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతారు. ప్రొడక్ట్ ఫోటో ఒకటి పంపండి, జాయింట్ బాగా కనిపించేలా."

అందరూ ప్రశ్నలు అడుగుతారు. ఆ వాక్యం దగ్గర కొండల్ ఆగి మళ్లీ చదివాడు. రెండు రోజులు గేట్లు కోస్తూ జవాబులు తయారు చేసుకున్నాడు. పంతులు ముచ్చట చెప్తే ఇప్పుడు కూడా నవ్వుతారు. ఒకసారి గొంతు పెంచి చెప్పి చూసుకున్నాడు కూడా, చక్రాల పెట్టె వైపు తిరిగి.

గోవర్ధన్‌ను అడిగాడు. అతను వద్దనలేదు.

"ఫోన్లల్ల పెడ్తరా ఫోటో?"

"పెడ్తరేమో."

"ఎల్లప్ప బస్తీ పోరగాండ్లు దినమంత ఫోన్లనే ఉంటరు భాయ్." కొంచెం ఆగి, "నీ ఇష్టం. చెయ్యి నీది" అన్నాడు.

విప్పిన చెయ్యి ఫోటోలు కొండల్ దగ్గర ఎన్నో ఉన్నాయి. పైపు మూతి, పిన్ను, దండకడియం, మూడు వైపుల నుంచి. ఒకదాని మీద వేలు పెట్టి చాలాసేపు ఉన్నాడు. చివరికి పంపింది వేరే ఫోటో. ఉప్పుగూడ మండపంలో, కళ్లు దిద్దిన తరువాత, పూలదండలతో, నాలుగు చేతులతో గణపతి. అది గోవర్ధన్ పంపితే వచ్చింది. ఆ విగ్రహాన్ని కళ్లతో సహా కొండల్ చూసింది ఆ ఫోటోలోనే.

సాయంత్రం ఫణి జవాబు వచ్చింది. "చాలా బాగుంది అన్నా. కానీ జాయింట్ ఎక్కడుంది? ఏమీ కనబడట్లేదే. క్లోజప్ ఉందా?"

కొండల్ ఫోటోను వేళ్లతో పెద్దది చేశాడు. కుడి భుజం, ఎడమ భుజం, దండకడియాల అంచులు. తను బిగించిన చోటు తనకూ దొరకలేదు. అంత శుభ్రంగా కుదిరింది. లోపల ఎక్కడో సంతోషం లాంటిది పొంగింది. ఫోన్ పట్టుకుని బయటికి వచ్చాడు, చూడు, ఎక్కడుందో చెప్పు చూద్దాం అని ఎవరినైనా అడుగుదామని. జరీ దుకాణం మూసి ఉంది. రోడ్డు మీద షేరింగ్ ఆటోలు నిండుగా వెళ్తున్నాయి.

"లేదు సార్," అని రాసి పంపాడు.

"అయ్యో. జాయింట్ కనబడకపోతే స్టేజీ మీద కష్టం. సరే అన్నా, వచ్చే ఏడాది చూద్దాం" అని వచ్చింది. కింద చప్పట్ల బొమ్మ.

కొండల్ లోపలికి వచ్చి ఫోన్ను చక్రాల పెట్టె మీద పెట్టాడు. చవితి దగ్గర పడుతోంది, భుజాల పైపులు ఇంకా అతకాలి. మాస్కు దించుకున్నాడు. వెలుగు లేచి షాపు గోడలన్నీ తెల్లగా అయ్యాయి. మూల స్టూలు కూడా తెల్లగా కనిపించింది. వేళ్ల సందుల్లోంచి చూసేవాళ్లు ఎవరూ లేరు.